గానుగా, ప్రదక్షిణమా?

పరుగెత్తినవాడు ఎక్కడికో ఒకచోటికి చేరాలని మన నమ్మకం. చేరని పరుగును మన భాష మెచ్చుకోదు. ఎవరినైనా "గానుగెద్దులా తిరుగుతున్నాడు" అన్నామంటే అది జాలి అయినా కావాలి, ఎగతాళి అయినా కావాలి. పొగడ్త మాత్రం కాదు. అదే మనం గుడికి వెళ్ళినప్పుడు ధ్వజస్తంభం దగ్గర బయలుదేరి, చుట్టూ తిరిగి, మళ్ళీ ధ్వజస్తంభం దగ్గరకే వస్తాము. దానిని ప్రదక్షిణం అంటాము, పుణ్యం అంటాము. రెండు చోట్లా కాళ్ళు చేసే పని ఒక్కటే. మరి ఒకటి ఎగతాళి, మరొకటి పుణ్యం ఎందుకయ్యాయి? ఈ ప్రశ్నను పండితులకు వదిలిపెట్టనక్కరలేదనీ, పరదేశంలో కాపురాలు చేస్తున్న మనబోటివాళ్ళు తీరిక చేసుకుని ఒకసారి ఆలోచించవలసినదేననీ మాకు తోచింది. ఆలోచనకు ఆసరాగా ఒక వింత ఆటను తీసుకుంటున్నాము.

ఆ ఆట పేరు ఇరవైనాలుగు గంటల పరుగు. దీని నియమం చాలా చిన్నది. ఒక చుట్టుబాట ఉంటుంది. అది స్టేడియంలోని 400 మీటర్ల ట్రాక్ కావచ్చు, ఒకటి రెండు కిలోమీటర్ల పార్కు దారి కావచ్చు. గంట కొట్టగానే అందరూ బయలుదేరతారు. మర్నాడు అదే వేళకు మళ్ళీ గంట కొట్టేవరకు ఎవరు ఎంత దూరం వెళ్ళారన్నదే లెక్క. పరుగెత్తవచ్చు, నడవవచ్చు, కూర్చోవచ్చు, పడుకోవచ్చు. గడియారం మాత్రం ఆగదు. కొన్ని పోటీలలో కొన్ని గంటలకొకసారి తిరిగే దిక్కు మారుస్తారు, ఒకే కాలిమీద వంపుల భారమంతా పడకుండా. ఆఖరి గంట కొట్టినప్పుడు ఎవరు ఎక్కడ ఉంటే అక్కడే గుర్తు పెట్టి ఆగుతారు. అధికారులు వచ్చి ఆ మిగిలిన ముక్కను కూడా మీటర్లతో సహా కొలుస్తారు.

ఇది మనకు దూరపు సంగతి కాదు. 2022 జూలై మొదటివారంలో ఆసియా, ఓషియానియా దేశాల ఇరవైనాలుగు గంటల పోటీ మన పక్కనే, బెంగుళూరు కంఠీరవ స్టేడియంలో జరిగింది. భారతీయుడైన అమర్ సింగ్ దేవందా 257 కిలోమీటర్లకు పైగా పరుగెత్తి స్వర్ణం గెలిచాడు. మన పురుషుల జట్టుకు కూడా స్వర్ణం వచ్చింది. 257 కిలోమీటర్లంటే దాదాపు హైదరాబాదు నుంచి విజయవాడకు వెళ్ళే దూరం. కాని ఆయన ఏ ఊరికీ చేరలేదు. నాలుగువందల మీటర్ల ట్రాక్ మీద దాదాపు 640 సార్లు తిరిగి, బయలుదేరిన స్టేడియంలోనే ఉన్నాడు. ప్రపంచ రికార్డుల సంగతి ఇంకా ఆశ్చర్యం. గ్రీసు దేశస్థుడు యానిస్ కూరోస్ 1997లో ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో 303 కిలోమీటర్లు దాటాడు. దానిని ఎవరూ అందుకోలేరని చాలామంది అనుకున్నారు. ఇరవైనాలుగేళ్ళ తరువాత, 2021లో, లిథువేనియాకు చెందిన అలెగ్జాండర్ సొరోకిన్ పోలండులో 309 కిలోమీటర్లు పరుగెత్తాడు. 2022 సెప్టెంబరులో ఇటలీలోని వెరోనాలో తన రికార్డును తానే 319 కిలోమీటర్లకు పైకి తీసుకువెళ్ళాడు. స్త్రీలలో జపానుకు చెందిన మిహో నకాతా 2023లో తైపేలో 270 కిలోమీటర్లు దాటింది.

ఈ చుట్టుపరుగుకు పాత చరిత్ర ఉన్నది. 1870లలో లండన్‌లోనూ న్యూయార్క్‌లోనూ ఆరు రోజుల నడక పోటీలు జరిగేవి. ఆదివారం నాడు ఆటలు కూడవు కనుక సోమవారం నుంచి శనివారం వరకు, కప్పు వేసిన పెద్ద హాలులో, గుండ్రని బాట మీద మనుషులు రాత్రింబగళ్ళు తిరిగేవారు. జనం టిక్కెట్లు కొనుక్కుని వచ్చి, చుట్టలు కాల్చుకుంటూ, పందేలు కాసుకుంటూ చూసేవారు. 1878లో మొదటి ఆస్ట్లీ బెల్టు గెలిచిన డేనియల్ ఓలీరీ ఐర్లండు నుంచి అమెరికాకు వలస వెళ్ళినవాడు. షికాగోలో ఇంటింటికీ తిరిగి పుస్తకాలు అమ్మి బ్రతికినవాడు. 1880లో న్యూయార్క్‌లో ఆరు రోజులలో 565 మైళ్ళు తిరిగి గెలిచిన ఫ్రాంక్ హార్ట్ హైటీ ద్వీపం నుంచి బోస్టన్ చేరి కిరాణా కొట్టులో పనిచేసిన నల్లజాతీయుడు. వీరిద్దరూ పరదేశులే అన్నది మనం గమనించవలసిన విషయం. చేతిలో మరో పెట్టుబడి లేనివాడికి కాళ్ళు ఉంటాయి. ఆ కాళ్ళు పరాయి ఊళ్ళో ఒక గుండ్రని బాట మీద డబ్బుకోసం తిరిగాయి.

ఈ పరుగు గురించి చెప్పగానే మన సభలలో ఎవరో ఒకరు "ఇది నిష్కామకర్మ" అంటారు. వినడానికి బాగుంటుంది. న్యూయార్క్‌లో స్థిరపడిన బెంగాలీ గురువు శ్రీ చిన్మయ్ శిష్యులు అటువంటి భావంతోనే 3100 మైళ్ళ పరుగు నడుపుతున్నారు. క్వీన్స్ పేటలో ఒక బడి చుట్టూ ఉన్న కాలిబాట మీద 5649 చుట్లు. గడువు 52 రోజులు. ఆ సాధనను మేము తక్కువ చేయము. కాని మామూలు ఇరవైనాలుగు గంటల పరుగుకు నిష్కామమన్న పేరు అతకదు. మీటరు ముక్కను కూడా వదలకుండా కొలిపించుకునేవాడు ఫలం కోరనివాడు ఎలా అవుతాడు? అలాగే "ఇదంతా పనిలేనివాడి పిచ్చి" అని తోసెయ్యడం కూడా తొందరపాటే. అసలు తేడా ఎక్కడ ఉన్నదో తెలియాలంటే ఎద్దును సరిగా చూడాలి.

గానుగెద్దుకు మూడు సంగతులున్నాయి. మొదటిది గంతలు. కళ్ళకు గంతలు కట్టకపోతే అది తల తిరిగి ఆగిపోతుందంటారు. కట్టితే తాను తిన్నగా ఎక్కడికో వెళుతున్నాననుకుంటుందట. రెండవది కాడి. అది ఆగాలనుకుంటే కాదు, తోలేవాడు ఆపితేనే ఆగాలి. మూడవది నూనె. తిరిగింది ఎద్దు, నూనె మరొకరిది. ఎద్దుకు వచ్చేది తెలగపిండి. ప్రదక్షిణం చేసేవాడికి ఈ మూడూ లేవు. తాను గుండ్రంగా తిరుగుతున్నానని అతనికి తెలుసు. మొక్కుకున్నది అతనే. దక్కే తృప్తి ఏదో అతనిదే. హైదరాబాదు దగ్గర చిలుకూరు బాలాజీ గుడిలో కోరిక కోరేటప్పుడు 11 ప్రదక్షిణలు, తీరిన తరువాత 108 చేస్తారు. ఆషాఢ పున్నమి ముందునాడు సింహాచలం కొండ చుట్టూ ముప్ఫై రెండు కిలోమీటర్లు లక్షలాదిమంది రాత్రంతా నడుస్తారు. ఆ నడిచేవారిలో ఎవరినీ మనం ఎద్దు అనము.

ఈ మూడింటిలో అసలు కీలకం కాడి అని మా అభిప్రాయం. చుట్టుపరుగు ఇక్కడే మనకు ఒక కొత్త సంగతి చెబుతుంది. ఒక ఊరి నుంచి మరో ఊరికి పరుగెత్తేవాడికి దారే ఒక కాడి. సగం దారిలో అలసిపోయినా, ఆగితే అడవిలో ఆగాలి. గమ్యంలోనే అన్నమూ పక్కా ఉంటాయి కనుక కాళ్ళు ఈడ్చుకుంటూ అయినా వెళతాడు. చుట్టుబాటలో అలా కాదు. ప్రతి చుట్టుకూ తన కుర్చీ, తన దుప్పటి, వేడివేడి టీ, తనవారి ముఖం కంటి ముందుకు వస్తాయి. రెండు మూడు నిమిషాలకొకసారి ఎవరో "ఇక చాలు, వచ్చి కూర్చో" అన్నట్టే. అతడు చూసి, విని, దాటి వెళతాడు. అంటే పొద్దున ఒకసారి చేసిన సంకల్పం సరిపోదు. ప్రతి చుట్టుకూ కొత్తగా సంకల్పించాలి. 640 చుట్లు అంటే 640 పరుగులు కాదు, 640 నిర్ణయాలు. చేరే చోటు లేని ఈ పరుగుకు విలువ ఉంటే అది ఈ నిర్ణయాలలోనే ఉన్నదని మేము అనుకుంటున్నాము.

మరో విశేషం కూడా ఉన్నది. మారథానులో 40వ కిలోమీటరు దగ్గర ఆగిపోయినవాడి పేరు ఫలితాలలో ఉండదు. అతని నలభై కిలోమీటర్లూ నీళ్ళపాలే. ఇరవైనాలుగు గంటల పరుగులో అటువంటి ఓటమి లేదు. పదో గంటలో కూర్చుండిపోయినవాడు కూడా ఎంత తిరిగాడో అంత అతని పేరుమీద నిలుస్తుంది. మొదటివాడికీ చివరివాడికీ గంట ఒకసారే కొడతారు. అందరికంటె ముందున్నవాడు అందరికంటె వెనకున్నవాడి పక్కనుంచి వందసార్లు వెళతాడు; చూసేవాడికి ఎవరు ముందో ఎవరు వెనకో తెలియదు. ఆగడం అంటే ఓడడం కాదన్న మాట ఈ ఆట నియమాలలోనే ఉన్నది.

అయితే ఆగవలసిన సమయం ఎవరు చెప్పాలి? ఇక్కడ వైద్యులుగా మేము కొంచెం గట్టిగా మాట్లాడవలసి ఉన్నది. ఇంతసేపు శ్రమపడిన కండరాలు చితికి, వాటిలోని పదార్థం రక్తంలో కలిసి మూత్రపిండాలను దెబ్బతీయవచ్చు. మూత్రం నల్లటి టీ రంగులోకి వస్తే అది ఆపదకు గుర్తు. ఒళ్ళు ఎండిపోయి ఉన్నప్పుడు నొప్పి తెలియకుండా ఐబూప్రొఫెన్ వంటి మాత్రలు మింగితే ఆ మూత్రపిండాలమీదే మరో దెబ్బ. దాహానికి మించి నీళ్ళు తాగడం కూడా ప్రమాదమే. రక్తంలో ఉప్పు పలచబడి మెదడు వాస్తుంది. 2002 బోస్టన్ మారథానులో రక్తపరీక్ష చేసిన 488 మందిలో 13 శాతం మందికి సోడియం తగ్గి ఉన్నట్టు 2005లో ప్రకటించారు. అది నాలుగైదు గంటల పరుగు మాత్రమే. ఈ ఆపదలలో చాలావాటికి ఒక చెడ్డ లక్షణం ఉన్నది. అవి ముదిరినకొద్దీ మనిషి వివేకాన్నే ముందు తీసుకుపోతాయి. తడబడుతూ "నాకేం కాలేదు" అనేవాడే ఎక్కువ ప్రమాదంలో ఉన్నవాడు. కనుక తనంతట తాను నిర్ణయించుకునే హక్కు ఎంత గొప్పదైనా, ఆ హక్కును వాడుకునే బుద్ధి ఏ గంటలో ఎంత మిగిలి ఉన్నదో చూసేవాడు పక్కన ఉండాలి. కుర్చీ దగ్గర కూర్చున్న మనిషి టీ అందించడానికే లేడు; ముఖం చూడడానికి ఉన్నాడు.

ఈ సంగతి మాకు పుస్తకాల ద్వారా కాదు, ఒక దంపతుల ద్వారా బోధపడింది. వాడి కబీర్‌లో మా పక్క భవనంలో ఉండే ఒక ఇంజనీరుగారు, నలభై అయిదేళ్ళవారు, ఇండియాలో జరిగే అటువంటి పరుగుకు వెళ్ళాలని ఆరోగ్య ధ్రువపత్రం కోసం వచ్చారు. ఆయన రెండేళ్ళుగా ఎండ చల్లారాక భవనాల చుట్టూ పరుగెత్తడం మేము చూస్తూనే ఉన్నాము. పరీక్షలన్నీ సరిగానే ఉన్నాయి. కాని వెంట వచ్చిన ఆయన భార్య, మేము వదినగారని పిలిచే ఆవిడ, ముఖం ముడుచుకుని కూర్చున్నారు. "ఈ వయసులో ఇది అవసరమా, మీరైనా చెప్పండి డాక్టరుగారూ" అంటారని అనుకున్నాము. ఆవిడ అలా అనలేదు. "అక్కడైతే ఈయన ఎప్పుడు చాలంటే అప్పుడు ఆగవచ్చుటగా. పదహారేళ్ళుగా ఇక్కడ తిరుగుతున్న దానికి చాలు అనే రోజు ఎప్పుడో కూడా మీరే ఆ కాయితం మీద రాసివ్వండి" అన్నారు.

నవ్వుతూనే అన్నారు కాని ఆ మాటకు గదిలో ఎవరికీ నవ్వు రాలేదు. మేము ధ్రువపత్రం మీద సంతకం చేశాము, ఒక షరతుతో. కుర్చీ దగ్గర వదినగారు ఉండాలి, ఆవిడ ఆగమంటే వాదించకుండా ఆగాలి. ఆయన ఒప్పుకున్నారు. పద్దెనిమిదో గంటలో వాంతులు పట్టుకుని, అడిగినదానికి పొంతనలేని జవాబు చెప్పగానే ఆవిడ ఆపించారు. ఆయన ఆగారు. తిరిగినంత దూరం ఆయన పేరుమీద నిలిచింది. ఆవిడ మా ముందు పెట్టిన రెండో ప్రశ్న మాత్రం అలాగే ఉన్నది. అది వారిద్దరి ప్రశ్న మాత్రమే కాదు.

వాడి కబీర్ అంటే అరబ్బీలో పెద్ద వాగు, పెద్ద లోయ అని అర్థం. చుట్టూ చెట్టు లేని నల్లని కొండలు. ఒక వైపు గరాజులు, వర్క్‌షాపులు. మరో వైపు మనబోటి కుటుంబాల ఫ్లాట్లు. ఇక్కడ రెండు రకాల చుట్లు పక్కపక్కనే తిరుగుతుంటాయి. కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాలనుంచి అప్పుచేసి వచ్చిన కూలిమనిషిది ఒకటి. అతని మెడమీద కాడి నిజంగానే ఉన్నది. జూన్ నుంచి ఆగస్టు వరకు మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడున్నర వరకు ఆరుబయట పని చేయించకూడదని ఈ దేశపు చట్టం. ఎండలో ఆగే హక్కు అతనికి చట్టం ఇస్తేనే వచ్చింది. 2021 జనవరి 1 నుంచి ఒప్పందం ముగిసిన పనివాడు పాత యజమాని నుంచి అభ్యంతరం లేదన్న పత్రం తేకుండానే మరో ఉద్యోగంలో చేరవచ్చునన్న నియమం వచ్చింది. కాడి కొంత వదులైంది. అయినా ఇంటి దగ్గర వడ్డీ ఆగదు కనుక అతను ఆగలేడు. అతనికి మనం సంకల్పం గురించి ఉపన్యాసం ఇవ్వడం న్యాయం కాదు. ఇష్టపడి కష్టపడేవాడి గొప్పతనాన్ని పొగిడేటప్పుడు, ఇష్టం లేకుండా అంతకన్న ఎక్కువ కష్టపడేవాడు ఆ పొగడ్త వింటూ పక్కనే ఉన్నాడని మరిచిపోకూడదు.

రెండవ చుట్టు మనది. డాక్టర్లు, ఇంజనీర్లు, లెక్కల ఆఫీసర్లు, టీచర్లు. మనకు కాడి లేదు. ఒప్పందం ముగిసినప్పుడల్లా సంతకం చెయ్యాలా వద్దా అని అడుగుతారు. మనమే చేస్తాము. మొదటిసారి ఇంటి అప్పు తీరేవరకు అంటాము. తరువాత పిల్లవాడి పన్నెండో తరగతి అయ్యేవరకు, ఆ తరువాత వాడి ఇంజనీరింగు సీటు, అమ్మాయి పెళ్ళి. ప్రతిసారీ "ఇంకొక్క రెండేళ్ళు". దీనిలో తప్పేమీ లేదు. ఆ కారణాలన్నీ నిజమైనవే. కాని రాను రాను కారణాన్ని అడగడం మానేస్తాము. సంతకం అలవాటవుతుంది. కాడి లేకపోయినా గంతలు మాత్రం మనమే కట్టుకుంటాము, తిన్నగా ఎక్కడికో వెళుతున్నామనుకోవడానికి. ఈలోగా తెనాలిలోనో ఖమ్మంలోనో ఉన్న తల్లిదండ్రులు ఫోనులో "మేము బాగానే ఉన్నాము నాయనా" అంటూ ఉంటారు. తడబడుతూ బాగున్నానని చెప్పేవారి గురించి పైన ఒక మాట చెప్పాము.

అందుకని అందరూ సామాను సర్దుకుని వెళ్ళిపోవాలని మేము చెప్పడం లేదు. ఆగడం ఓటమి కానట్టే, సాగడం కూడా తప్పు కాదు. ఒకాయన ముప్ఫై ఏళ్ళు ఇక్కడ ఉండి, ప్రతి రెండేళ్ళకూ భార్యతో, తల్లితో, పిల్లలతో మాట్లాడుకుని, కళ్ళు తెరిచి సంతకం చేస్తే ఆయనది ప్రదక్షిణమే. మరొకాయన నాలుగేళ్ళకే తిరిగి వెళితే ఆ నాలుగేళ్ళూ ఆయన పేరుమీద నిలుస్తాయి. "గల్ఫు వెళ్ళి ఏమీ చెయ్యకుండా వచ్చాడు" అని ఊళ్ళో అనేవారు మారథాను లెక్క చూస్తున్నారు, ఇరవైనాలుగు గంటల లెక్క కాదు. ఎన్ని చుట్లన్నది మనిషికీ మనిషికీ వేరు. అడిగి తిరిగామా, అడగకుండా తిరిగామా అన్నదే ప్రశ్న.

ఇక్కడ ఒక అభ్యంతరం రావచ్చు. ప్రతి చుట్టుకూ "ఎందుకు?" అని అడుగుతూ కూర్చుంటే ఎవరైనా తెల్లవారేదాకా తిరగగలరా? కాపురం కూడా అంతే కదా, రోజూ పునాది తవ్వి చూస్తే ఇల్లు నిలుస్తుందా? ఈ అభ్యంతరంలో న్యాయం ఉన్నది. అనుభవం గల పరుగువారు దీనికి ఒక నియమం పెట్టుకుంటారు. తెల్లవారుజామున మూడు గంటల వేళ, చలీ నిద్రా కలిసి వచ్చినప్పుడు, మానుకోవాలన్న నిర్ణయం చెయ్యకూడదు. ఏదైనా తిని, ఒక చుట్టు నడిచి, వెలుగు వచ్చాక అప్పుడు ఆలోచించాలి. ప్రాణాపాయ లక్షణాలు కనిపిస్తే తప్ప. అప్పుడు వేళ చూడనక్కరలేదు. మన విషయంలోనూ అంతే. మేనేజరు అవమానించిన రోజు సాయంత్రం తిరుగు టిక్కెట్టు కొనడం చీకటి నిర్ణయం. జీతం పెరిగిన రోజు సాయంత్రం ఇంకో అయిదేళ్ళకు ఒప్పుకోవడం కూడా చీకటి నిర్ణయమే. అక్కడ కన్ను కనిపించకుండా చేసేది దీపమే, అంతే తేడా. అడగవలసింది నిశ్చింతగా ఉన్న ఒక శుక్రవారం ఉదయం, ఇంటిల్లిపాదీ ఉన్నప్పుడు.

అడిగేటప్పుడు ఒక్కరే అడగకూడదన్నది రెండో నియమం. తిరిగేవాడికి బాట మాత్రమే కనిపిస్తుంది. అతని ముఖం ఎలా ఉన్నదో కుర్చీలో కూర్చున్నవారికి కనిపిస్తుంది. మన ఇళ్ళల్లో ఆ కుర్చీలో చాలావరకు మన ఆడవాళ్ళున్నారు, తమ ఉద్యోగాలూ చదువులూ పక్కన పెట్టి. ఊళ్ళో మరో కుర్చీలో మన పెద్దవాళ్ళున్నారు. టీ అందుకున్నంత సులువుగా వారి మాట కూడా అందుకుంటున్నామా? ఈ సంవత్సరం మన సభ్యులలో ఒప్పందాలు తిరగరాసుకునేవారు చాలామందే ఉంటారు. సంతకానికి ముందు ఆ కాయితం భోజనాల బల్లమీద పెట్టి, "ఇంకో చుట్టు తిరగమంటారా?" అని ఇంట్లోవాళ్ళను అడగండి. జవాబు ఏదైనా కావచ్చు. అడిగి తిరిగిన చుట్టు ప్రదక్షిణం అవుతుంది.